బదరీ వృక్షము క్రింద కూర్చున్న సహోదరునికి

ధ్యానమునకు వాక్యభాగము: 1 రాజులు 19:1-18

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా,

పుట్టిన ఊరు విడిచి, బ్రతుకు తెరువు కొరకు ఈ బీదరు పట్టణములోను, హుమ్నాబాదు, భాల్కి, బసవకళ్యాణ ప్రాంతములలోను నివసించుచున్న మన తెలుగు కుటుంబములను తలంచుకొని ఈ మాటలు వ్రాయుచున్నాను. వాక్యభాగమును ముందుగా మీ బైబిలులో ఒకసారి చదివి, తరువాత ఇది చదువుడని మనవి.

మనలో ఒక సహోదరుడున్నాడు. పేరు చెప్పను, చెప్పుట ధర్మము కాదు. పని బాగుగా చేయువాడు, పాటలు చక్కగా పాడువాడు. కొన్ని నెలలుగా ఆయన ఆరాధనకు వచ్చుట తగ్గించెను. వచ్చినను చివరి వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము ముగియకముందే లేచి వెళ్లుచుండెను. ఒక ఆదివారము గుమ్మము దగ్గర నిలిచి ఇట్లనెను: “మాస్టారూ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని లోపలికి పోవు. ప్రార్థన అసలు రావడం లేదు. నేను ఇంకా విశ్వాసినేనంటారా?”

ఈ ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు. మన బస్తీలలో, అద్దె యిండ్లలో, క్వార్టర్సులలో బయటికి చెప్పుకొనలేక దీనిని మోయుచున్నవారు పలువురున్నారు. కనుక ఆయనకు ఇయ్యవలసిన జవాబును అందరి యెదుట ఇచ్చుట మంచిదని తోచినది.

మొదట దేవుని వాక్యము చూడుడి. ఎలీయా సామాన్యుడు కాడు. కర్మెలు పర్వతము మీద ఆయన ప్రార్థింపగా అగ్ని దిగెను. మూడేండ్ల కరవు తరువాత ఆయన ప్రార్థింపగా వాన కురిసెను. అటువంటి ప్రవక్త యెజెబెలు పంపిన ఒక్క కబురు విని ప్రాణభయముతో పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి, బదరీ వృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. ఇది ఓటమి తరువాత జరిగినది కాదు, గొప్ప జయము తరువాత జరిగినది. కనుక కృంగుదల వచ్చినదంటే ఏదో రహస్య పాపమున్నదని వెంటనే తీర్పు తీర్చువారు ఈ అధ్యాయమును మరల చదువవలెను.

మన తెలుగు బైబిలులో బదరి అని యున్నది. మన భాషలో బదరి అనగా రేగు. హెబ్రీ భాషలో అక్కడ నున్న మాట రోతెము. అది ఎడారిలో పెరుగు ఒక పొద. దాని నీడ పలుచన. ఎండకు అలసినవానికి పూర్తి నీడ కూడ దొరకలేదన్నమాట. అట్టి చోట కూర్చున్నవానితో దేవుడెట్లు వ్యవహరించెనో వరుసగా గమనించుడి. ఈ వరుసలోనే మనకు పాఠమున్నది.

దేవుడు ఆయనను గద్దింపలేదు. “నిన్నటి విశ్వాసమేమైనది?” అని అడుగలేదు. మొదట నిద్రపోనిచ్చెను. తరువాత దూతను పంపి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్ల బుడ్డిని ఇచ్చెను. తిని త్రాగి ఆయన మరల పండుకొనెను. అందుకును దేవుడు విసుగుకొనలేదు. రెండవమారు దూత వచ్చి మరల భోజనము పెట్టి, ముందున్న ప్రయాణము నీ శక్తికి మించినదను భావముతో మాటలాడెను. గమనించితిరా? దేవుని దూత మొదటి మాటలు ప్రసంగము కాదు, తినుమను పిలుపు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో మాకు మొదట నేర్పినదేమనగా, బిడ్డ ఆకలితో కూర్చున్నప్పుడు ఎంత మంచి పాఠమైనను బోర్డు మీదనే యుండిపోవునని. మనిషి శరీరమును సృజించిన దేవునికి ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును.

హోరేబు గుహ యొద్ద దేవుడు ఆయనను మాటలాడనిచ్చెను. ఎలీయా తన బాధ చెప్పెను. గాలి, భూకంపము, అగ్ని దాటిపోయిన తరువాత మెల్లని స్వరము వినబడెను. అప్పుడు దేవుడు అదే ప్రశ్న మరల అడిగెను. ఎలీయా అదే జవాబు మరల చెప్పెను. పదవ వచనమును పదునాలుగవ వచనమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. కృంగినవాడు చెప్పినదే చెప్పును. మనుష్యులు రెండవసారికే విసుగుదురు. దేవుడు రెండవసారియు ఓపికతో వినెను.

చివరకు దేవుడు ఆయనకు మూడు ఇచ్చెను: చేయదగిన పని, ఎలీషా అను తోడు, సరిచేయబడిన లెక్క. ఎలీయా లెక్కలో మిగిలినది ఒక్కడే. దేవుని లెక్కలో ఏడువేలమంది యుండిరి. ఎలీయా అబద్ధికుడు కాడు, కాని కృంగిన మనస్సు లెక్క తప్పును. “నాకెవరూ లేరు, నేను భారమైపోయాను, నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు” అని అది చెప్పునప్పుడు, ఆ మొత్తము తప్పు. అయితే దేవుడు ఆ లెక్కను చివర సరిచేసెను. అన్నము, నిద్ర, ఆలకించుట ముందుగా ఇచ్చెను. మనము తరచుగా ఈ వరుసను తలక్రిందులు చేయుదుము.

ఇటువంటి లోయలో నడిచినవాడు ఎలీయా ఒక్కడే కాడు. యిర్మీయా తాను పుట్టిన దినమును శపించెను. 88వ కీర్తన చీకటిలోనే ముగియును. చివర స్తుతి కూడ లేదు, అయినను దేవుడు దానిని తన గ్రంథములో ఉంచెను. ప్రార్థన రానివాని కొరకు ఉంచెనని నేను నమ్ముచున్నాను. ఆసియలో కలిగిన శ్రమలో బ్రతుకుదుమను నమ్మకము కూడ పోయినదని అపొస్తలుడైన పౌలు 2 కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములో దాచకుండ చెప్పెను. మన ప్రభువు గెత్సేమనేలో తన ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగినదని శిష్యులతో చెప్పి, తనతో మెలకువగా నుండుడని అడిగెను. దేవుని కుమారుడే తోడు అడిగినప్పుడు, నాకు తోడు కావలెనని చెప్పుటకు నీవెందుకు సిగ్గుపడవలెను?

మన బాప్టిస్టు చరిత్రలోను ఇది క్రొత్త కాదు. లండనులో వేలమందికి వాక్యము బోధించిన స్పర్జన్‌గారి సంగతి వినియుందురు. 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్సు హాలులో ఆయన ఆరాధన జరుపుచుండగా ఎవరో అగ్ని అని కేక వేసిరి. త్రొక్కిసలాటలో ఏడుగురు చనిపోయిరి. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరములు. ఆ దెబ్బకు ఆయన మనస్సు విరిగెను, తరువాత కోలుకొని బోధించినను జీవితమంతయు కృంగుదల ఆయనను వచ్చి తాకుచునే యుండెను. ఆయన దానిని దాచలేదు. తన కళాశాలలోని బోధక విద్యార్థులకు దీనిని గూర్చి ప్రత్యేకముగా ఉపన్యాసమిచ్చెను.

విలియం కేరీగారి భార్య డోరతీ కథ వలస కుటుంబములు మరి శ్రద్ధగా వినవలెను. ఆమెకు దేశము విడుచుట మొదట ఇష్టము లేదు. 1793లో బెంగాలుకు వచ్చినప్పుడు భాష రాదు, బంధువులు లేరు, ఇల్లు స్థిరముగా లేదు, జబ్బులు వెంటాడెను. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. ఆ దుఃఖము తరువాత ఆమె మనస్సు చెదిరి, 1807లో శ్రీరాంపూరులో మరణించువరకు స్వస్థత కలుగలేదు. లేఖనములను మన దేశ భాషలలోనికి తర్జుమా చేసిన ఇంటిలోనే ఆమె అట్లు బాధపడెను. అప్పటికి ఈ జబ్బునకు తగిన చికిత్స తెలియదు. నేడు తెలియును. అందుచేత మన బాధ్యత పెద్దది.

పరాయి ఊరి బ్రతుకు ఎటువంటిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. జహీరాబాదు వైపు నేటికిని తెలుగు వినబడును. అయినను ఒంగోలు నుండియో పాలమూరు నుండియో వచ్చినవానికి కార్యాలయములో కన్నడము, బజారులో ఉర్దూ, పిల్లల పుస్తకములలో మరియొకటి. ఊరిలో ముసలి తలిదండ్రులు, ఇక్కడ అద్దె, చిట్టీ, అప్పు. ఫోనులో “బాగున్నాము” అని చెప్పుటయే. జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టుటకు మేనమామ యిల్లు లేదు. ఇట్టి చోట ఒత్తిడి చాపక్రింద నీరువలె చేరును. ఒకనాడు మనిషి లేవలేకపోవును.

ఇప్పుడు జబ్బును గూర్చి సూటిగా మాటలాడుదము. దుఃఖమంతయు జబ్బు కాదు. ఆప్తులు చనిపోయినప్పుడు ఏడ్చుట సహజము. కాని రెండు వారములు లేక అంతకు మించి, దాదాపు ప్రతిదినము మనస్సు దిగులుగా నుండుట, ఇదివరకు ఇష్టమైన వాటియందు రుచి పోవుట, వీటితోబాటు నిద్ర, ఆకలి మారుట, నిస్సత్తువ, నేను పనికిరానివాడనను భావము, చావు తలంపులు కలుగుట ఉన్నయెడల, అది వైద్యుడు చూడవలసిన సంగతి. దానిని డిప్రెషన్ అందురు. మనవారిలో చాలమంది దిగులు అని చెప్పరు. తలనొప్పి, గుండె దడ, ఒళ్లు నొప్పులు అని చెప్పుదురు. థైరాయిడు లోపము, రక్తహీనత కూడ ఇటువంటి నీరసమును కలిగించగలవు గనుక పరీక్ష అవసరము. మందులు తలనొప్పి మాత్రవలె గంటలో పనిచేయవు. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వారము దినములు మ్రింగి లాభము లేదని మానుకొనరాదు. బాగైన తరువాతను వైద్యుడు చెప్పకుండ ఆపరాదు. మందులేగాక, శిక్షణ పొందినవారితో క్రమముగా మాటలాడుట కూడ చికిత్సయే.

మందు వేసికొనుట అవిశ్వాసమా? హిజ్కియా ప్రార్థన విన్న దేవుడే యెషయా ద్వారా అంజూరపు పండ్ల ముద్దను పుండునకు కట్టించెను. పౌలు తిమోతి కడుపు జబ్బునకు సలహా చెప్పెను. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. మధుమేహమునకు మాత్ర వేసికొని స్తోత్రము చేయువారము, మనస్సు జబ్బునకు మాత్రము ఎందుకు సిగ్గుపడవలెను? బీదరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లి మానసిక వైద్యుని చూడవచ్చును. కదలలేనివారు 14416 అను నంబరుకు ఫోను చేయవచ్చును. అది 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రూపాయి ఖర్చు లేదు, రాత్రియు పగలును పలుకుదురు, తెలుగులోను కన్నడములోను మాటలాడవచ్చును.

ఇక స్నేహితులమైన మనమేమి చేయవలెను? యోబు స్నేహితులను చూడుడి. ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి, బాధ గొప్పదని గ్రహించి మౌనముగా ఉండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచిన తరువాతనే చెడిరి. చివరకు దేవుడే వారిమీద కోపించెను. కనుక “నీకు విశ్వాసము చాలదు”, “దయ్యము పట్టినది”, “మాకు లేవా కష్టాలు?” అను మాటలను నోటినుండి రానీయకుడి. అతని సంగతిని ప్రార్థన మనవి అను పేరుతో పదిమందిలో పేరుపెట్టి చెప్పకుడి. భూతము వెళ్లగొట్టుదుమని ఉపవాసముంచి, కొట్టి, మందులు మాన్పించువారి యొద్దకు ఎన్నడును తీసికొనిపోకుడి.

చేయవలసినవి చిన్న పనులు. ఒక గిన్నెలో అన్నము కూర తీసికొని వెళ్లుడి. అతని పిల్లలను ఒక పూట మీ యింట ఉంచుకొనుడి. సాయంత్రము కోట వైపు కొంతదూరము కలిసి నడువుడి. ఆసుపత్రి చీటి తీసికొను వరుసలో మీరు నిలువుడి. మొదటి మెట్టు ఎక్కుటయే అతనికి కొండయైయుండును. “ఏదైన కావలిస్తే చెప్పు” అని వచ్చేయక, “గురువారము పది గంటలకు వచ్చి తీసికొని వెళ్తాను” అని చెప్పి, చెప్పినట్లు వెళ్లుడి.

ఒక సంగతి తప్పక అడుగవలెను. “చనిపోవాలని అనిపిస్తోందా?” అని మెల్లగా, సూటిగా అడుగుడి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. దాచుకొన్నవానికి భారము దిగును. ఔనని చెప్పినయెడల ఒంటరిగా విడువకుడి. ఇంటిలో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే తీసివేయుడి. ఆ దినమే వైద్యుని యొద్దకు తీసికొనిపొండి. పోలీసు కేసు అగునని భయపడి కొందరు దాచుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను ప్రకారము, ప్రాణము తీసికొన ప్రయత్నించినవాడు, వేరుగా రుజువైతే తప్ప, తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడనియే ఎంచి, శిక్షింపక, ప్రభుత్వము సంరక్షణయు చికిత్సయు ఇయ్యవలెను. అట్టి తలంపు వచ్చినవానిని ప్రభువు విడిచిపెట్టలేదు. బదరీ వృక్షము క్రిందికి దూతను పంపిన దేవుడు ఆయనే.

పని విడిచి కొంతకాలము ఊరికి వెళ్లవలసివస్తే అది ఓటమి కాదు. ఎపఫ్రొదితును జ్ఞాపకము చేసికొనుడి. ఫిలిప్పీ సంఘము ఆయనను దూరదేశము పంపగా, అక్కడ జబ్బుపడి చావుకు దగ్గరయ్యెను. తన జబ్బు సంగతి ఇంటివారికి తెలిసినదని ఆయన మరింత కలత చెందెను. మనలో ఎందరో దాదాపు ఇదే చెప్పుదురు: “ఊళ్లో అమ్మకు తెలియకూడదు.” పౌలు ఆయనను సోమరియనలేదు. సన్మానముతో చేర్చుకొనుడని వ్రాసి యింటికి పంపెను. తిరిగి వెళ్లినవానిని మన సంఘములు అట్లే చేర్చుకొనవలెను.

ఇప్పుడు సహోదరుని ప్రశ్నకు జవాబు. ప్రార్థన రానివాడు విశ్వాసియేనా? మార్కు సువార్త రెండవ అధ్యాయములో నలుగురు ఒక పక్షవాయువు గలవానిని మోసికొనివచ్చి, ఇంటి కప్పు విప్పి దింపిరి. ప్రభువు వారి విశ్వాసము చూచెనని అక్కడ యున్నది. పరుపుమీద నున్నవాడు ప్రార్థించెనని యెక్కడను లేదు. అతడు మోయబడెను, అంతే. సహోదరుడా, నీవు ఇప్పుడు మోయబడు కాలములో ఉన్నావు. నీవు ప్రార్థింపలేని దినములలో సంఘము నీ పక్షముగా ప్రార్థించును. సంఘము అలసిన గడియలో ఆత్మ తానే ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో విజ్ఞాపన చేయునని రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయము బోధించుచున్నది. “నేను విశ్వాసినేనా?” అని వేదనతో అడుగుటయే నీవు ప్రభువును విడువలేదనుటకు గురుతు. నీవు ఆయనను గట్టిగా పట్టుకొన్నందువలన కాదు, ఆయన నిన్ను పట్టుకొన్నందువలన నీవు ఆయనవాడవు.

మన తెలుగు బాప్టిస్టుల ఆరంభము కూడ మోయబడిన కథయే. 1836లో డే దొరగారు వచ్చిన మొదలు చాల యేండ్లు ఫలము అత్యల్పము. 1853లో అమెరికాలోని మిషను వారు ఈ పనిని మూసివేయుదమా అని ఆలోచించిరి. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిరి. అయిదుగురే. 1878 జులై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నడుమ గడిచినవి ఇరువదినాలుగు సంవత్సరములు. నీ దిగులు ఫలాని తేదికి తీరునని నేను వాగ్దానము చేయలేను. డోరతీ కేరీ సంగతి మరువలేదు. అయితే చీకటిలో వేసిన లెక్కను చివరి లెక్కగా ఎంచవద్దని ఈ చరిత్ర చెప్పుచున్నది. మూసివేయవలెనని ఆలోచించిన వారికి గుండ్లకమ్మ కనబడలేదు.

సహోదరుడా, సహోదరీ, ఈ వారము నీవు గొప్ప కార్యములు చేయనక్కరలేదు. వేళకు కొంచెము తినుము. ఉదయపు ఎండలో పది నిమిషములు నడువుము. దిగులు మరచుటకు సారాయి ముట్టకుము. అది మరుసటి దినము దిగులును రెండింతలు చేయును. చదువగలిగితే ఒక్క వచనము. చదువలేకపోతే ఎవరినైన చదివి వినిపించుమని అడుగుము. ఆరాధనలో చివరి వరుసలోనే కూర్చుండుము, పాడనక్కరలేదు, మేము పాడుదుము. నమ్మదగిన ఒక్కరితో నిజము చెప్పుము. వైద్యుని చూడుము.

సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారము వరుసలలో ఖాళీగానున్న చోట్లను లెక్కించుడి. రానివారి యింటికి సోమవారమునకు ముందే ఒకరు వెళ్లవలెను, వెళ్లునప్పుడు తినుటకేదైన తీసికొనిపోవలెను.

అలసినవానిని నిద్రపుచ్చి, ఆకలిగొన్నవానికి అప్పము కాల్చి, చెప్పినదే చెప్పినను ఓపికతో వినిన మన దేవుడు, మీలో కృంగినవారినందరిని తన చేతులలో మోసి నడిపించును గాక. వారి ప్రక్కన నడుచువారికి ఓర్పును, మితమైన మాటలను, మెలకువను అనుగ్రహించును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, బీదరు